గుండెల మీద ఎవరో కూర్చున్నారన్నావు

ప్రసాదూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే కంకిపాడులో బస్సెక్కి, బెంజ్ సర్కిల్ దగ్గర నిన్ను చూపించిన ఆసుపత్రికి వెళ్లాను. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ తిండి, నడక, షుగరు పరీక్షల గురించి అక్కడ కొత్తగా క్లాసు మొదలుపెట్టారు. "మీరూ నాలుగు మాటలు చెప్పండి మేడమ్" అని నర్సుగారు పిలిచారు.

మాత్రలు మొదలుపెట్టాక నీకు గొంతులు వినిపించడం తగ్గింది, ఆకలి పెరిగింది. మూడోసారి అన్నం అడిగినా సంతోషంగా వడ్డించాను. ఒళ్లు చేస్తుంటే కోలుకుంటున్నావనుకున్నాను. చెంబులకు చెంబులు నీళ్లు తాగినా, ఆ మాత్రలతో షుగరు రావచ్చని తెలియక, చూపించాలని తోచలేదు. ఆ రోజు మధ్యాహ్నం, "గుండెల మీద ఎవరో కూర్చున్నారక్కా, లేవమంటే లేవట్లేదు" అన్నావు. జబ్బు తిరగబెట్టిందనుకుని, "ఎవరూ లేరు, పడుకో" అన్నాను. సాయంత్రానికి నువ్వు లేవు. గుండెపోటన్నారు.

క్లాసులో అదేమీ చెప్పలేకపోయాను. నా తమ్ముణ్ణి ఇక్కడే చూపించామని మాత్రం చెప్పి, నడక గురించి ఏదో మాట్లాడి కూర్చున్నాను. తర్వాత చల్లపల్లి నుంచి వచ్చినావిడ, ముప్పై ఏళ్ల కొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"అరికాళ్ల కింద ఎవరో నిప్పులు పోస్తున్నారంటాడండీ. అదీ భ్రమేనంటారా?"

"నాకు తెలీదమ్మా. ముందు షుగరు చూపించండి."

"మీ తమ్ముడుగారు ఇప్పుడు బాగున్నారా అండీ?"

నువ్వు లేవని చెప్పాను. ఎలా పోయావో, నేనేమన్నానో కూడా చెప్పాను. ఆవిడ వెంటనే కొడుకు చెయ్యి పట్టుకుని రక్తపరీక్ష గదివైపు నడిచింది.

అక్క