పక్కపక్కన కూర్చున్న ఫొటో

సంఘం అధ్యక్షురాలు గారికి నమస్కారం.

మా వీధికి కుళాయిలు తెప్పించింది మీరే, దీపాలు పెట్టించిందీ మీరే. అందుకే మా చెల్లెలు మొగుడి దెబ్బలకు తాళలేక పుట్టింటికి వచ్చేస్తే, నేనే చెయ్యి పట్టుకుని మీ దగ్గరికి తీసుకొచ్చాను.

"నేను వెళ్లను మేడం, చంపేస్తాడు" అని మీ కాళ్లు పట్టుకుంది.

"పిచ్చిపిల్లా, మగాడన్నాక కోపం రాదా? కాపురం నిలబెట్టుకో" అన్నారు మీరు. వాణ్ణి పిలిపించి, మొగుడూ పెళ్లాలిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఫొటో తీయించి, ఆఫీసు గోడకు తగిలించారు.

నెల తిరక్కుండానే, అది చెప్పినట్టే చంపేశాడు.

దానిది మా దగ్గర వేరే ఫొటో లేదు. ఆ గోడ మీది ఫొటో అడుగుదామని నిన్న అమ్మా నేనూ వచ్చాం. మీరు లేరు. చేతినిండా వాతలతో ఒక అమ్మాయి కూర్చుని ఏడుస్తోంది. మీ ఆఫీసులో పనిచేసే ఆవిడ ఆమెకు ఆ ఫొటోలోని మా చెల్లెల్ని చూపించి, "చూడమ్మా, ఈ పిల్లా నీలాగే ఏడుస్తూ వచ్చింది. ఇప్పుడు ఏ గొడవా లేదు" అంటోంది.

నేను తేరుకునేలోపే ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, బయట కాచుకుని ఉన్న మొగుడి బండెక్కి వెళ్లిపోయింది.

ఫొటో మీరే ఉంచుకోండి. ఆ అమ్మాయి ఇల్లెక్కడో మాత్రం వెంటనే చెప్పండి.

ఇట్లు,
ఆ ఫొటోలోని పిల్లకు అక్క