వంటింట్లో దాచుకున్న తెలుగు

పోదనూరు,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు తేన్మొళి వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేను, ఆయన, నీ మనవరాలు అముద బాగానే ఉన్నాం. వాడిపట్టిలో నువ్వు, తమ్ముడు జెబరాజ్, మరదలు కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. ఫోనుండగా ఉత్తరమెందుకని అడగకు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, ఇంటిల్లిపాదీ వింటారు, నేను చెప్పాలనుకున్నది సగం మింగేస్తాను. బైబిలు చదువుకోవడానికని నువ్వు నేర్పిన అక్షరాలు ఇలాంటప్పుడైనా పనికి రావాలి కదా.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మొదటిది నా మోకాలు. నొప్పిగానే ఉంది. తైలం మాత్రం పంపొద్దు. పోయినసారి పంపింది సంచిలో కారిపోయి, మీ అల్లుడి చొక్కా ఇప్పటికీ కర్పూరం వాసన కొడుతోంది. రెండోది, నేను పనిచేసే ఇంట్లో మన తెలుగు మాట నోటికి రానివ్వడం లేదు కదా అని. మూడోది, మరదలి కాన్పుకు అముదను మూడు నెలలు పంపమని. మరదలికి తల్లి లేదు, నిజమే. కానీ దాని జవాబు చివర్లో రాస్తాను. ముందే రాస్తే నువ్వు మిగతాది చదవవు.

రెండోదానికి వస్తాను. "తెలుగోళ్లింట్లో తెలుగు మాట్లాడితే ముందు ఏ ఊరంటారు, ఆనక మీరు ఏవాండ్లని కులం అడుగుతారు, ఆపైన వంటిల్లు మూస్తారు" అని వంటపనికి చేరిన రోజు చెప్పావు. ఆరేళ్లు తు.చ. తప్పకుండా పాటించాను. ఆ షణ్ముగప్రియ, ఆమె భర్త మదన్, అత్తగారు రాజమ్మాళ్, ముగ్గురూ నన్ను తమిళదాన్నే అనుకున్నారు. నేనొక గోడనన్నట్టు నా ముందే అన్నీ తెలుగులో మాట్లాడుకునేవారు. ఎంత విసుగో చెప్పలేను. "దాని కాపీలో చక్కెర తక్కువెయ్యి, అలవాటైతే రోజూ అడుగుతాది" అని తెలుగులో అనడం, నా వైపు తిరిగి "నల్లా కుడి, తేన్మొళి" అని, బాగా తాగమంటూ తమిళంలో నవ్వడం. ఒకరోజు "అది కట్టిన చీర చూస్తివా? అట్లాటిది నాకే లేదు" అంది. ఆ చీర పోయిన దీపావళికి ఆమే ఇచ్చింది! చెప్పడానికి నాకు నోరెక్కడిది? ఇంకోసారి రాజమ్మాళ్ ఏదో హాస్యమాడితే నవ్వు ఆపుకోలేక దగ్గాను. పాపం, పెద్దావిడ జాలిపడి నాకు కషాయం కాచి ఇమ్మంది. నాకు నేనే కాచుకుని, చేదంతా తాగాను.

ఇక దాచి లాభం లేదమ్మా. మాట్లాడేశాను.

మే నెలలో రాజమ్మాళ్ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. చూసుకోవడానికి ఏజెన్సీ నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, ఇద్దరూ వారం తిరక్కుండా వెళ్లిపోయారు. ఒకరోజు పొద్దున నేను చపాతీలు వత్తుతున్నాను, మదన్ తింటున్నాడు. షణ్ముగప్రియ పక్కనే నిలబడి మొదలుపెట్టింది.

"ఏజెన్సీ వాండ్లు నిలిచేది లేదు. ఈ తేన్మొళి బిడ్డ పన్నెండో క్లాసు ముగించింది గదా, దాన్ని ఇంట్లోనే పెట్టుకుందాము. పగలూ రాత్రీ అత్తమ్మ పక్కన ఉండనీ."

"దానికి కాలేజీలో సీటు దొరికిందంటనే?"

"చదివి ఏమి చేసేది? పని వాండ్ల రక్తంలోనే ఉండాది. ఎండాకాలం లీవు ముగిసేదాకా అని అడగతాము, ఆపైన అదే నిలిచిపోతాది."

నేను చపాతీ కర్ర కింద పెట్టాను. ఆమె వైపు తిరిగాను. "నా బిడ్డ రక్తంలో ఏమి ఉండాదో నాకు తెలుసమ్మా. అది లెక్కలు చదవబోతాది. మీ అత్తమ్మ పక్కన పడుకునేదానికి నేను దాన్ని కనలేదు" అన్నాను. మన తెలుగులోనే, మన ఇంట్లో అన్నట్టే.

మదన్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. షణ్ముగప్రియ ముఖం ఎర్రబడింది. ఆరేళ్లలో నా ముందు ఏమేమి అందో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి. లోపలి గదిలోంచి రాజమ్మాళ్ కేకేసింది. "ఎవురది, మన మాట మాట్లాడేది? రామ్మా, లోపలికి రా!" ఎంత సంతోషమో ఆ గొంతులో. వెళ్లాను. నా చెయ్యి పట్టుకుని, ఏ ఊరని అడిగింది. చెప్పాను. తర్వాత, నువ్వన్నట్టే, రెండో ప్రశ్న అడిగింది. అబద్ధమాడే ఓపిక నాకు లేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చెయ్యి వదిలేసింది. దురుసుగా కాదు, మెల్లగానే.

మర్నాడు షణ్ముగప్రియ తమిళంలో చెప్పింది, వంటకు వేరే మనిషి వస్తోంది, నువ్వు వాకిలి, బట్టలు, బాత్రూములు చూసుకో అని. ఇప్పుడు నా ముందు భార్యాభర్తలు ఇంగ్లీషులో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ ముసలావిడకు ఇంగ్లీషు రాదు. నన్ను వెలివేయబోయి ఆవిణ్ని కూడా వెలివేశారు. ఇదేం తెలివో నాకు అర్థం కాలేదు. నాలుగో రోజు పని మానేశాను. ఇప్పుడొక లేడీస్ హాస్టల్ వంటశాలలో చేరాను. ఇక్కడ బస్తాలకు బస్తాలు ఉల్లిపాయలు తరగాలి. కళ్లు మండుతాయి గానీ నోరు తెరిచి మాట్లాడుకోవచ్చు.

ఇక నీ మూడో సంగతి. ఆ రోజు ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ చదివాను. "కాలేజీ ఒక ఏడాది వెనకబడితే ఏమి, ఆడబిడ్డ పని నేర్చుకోనీ" అని రాశావు. ఆ మాట షణ్ముగప్రియ అన్నదో నువ్వు రాసిందో కాసేపు తేడా తెలియలేదమ్మా. నేను ఆరో క్లాసులో ఉండగా నన్ను మదురైలో డాక్టరుగారింటికి పనికి పంపుతూ "బడి లీవు ముగిసేదాకానే, కన్నూ" అన్నావు. లీవు ముగిసింది. బడి తెరిచిన రోజు నేను వాళ్ల మేడమీద బట్టలారేస్తూ వీధి మలుపు వైపే చూశాను. నువ్వు రాలేదు. నాన్న పోయి, మనకు వేరే దారి లేని రోజులవి. అది నాకు తెలుసు. అయినా కోపం పోలేదు. ముప్పై ఏళ్లుగా నీతో ఈ మాట అనలేదు. ఆ వంటింట్లో నేను అన్న మాటలో సగం నిన్ను అన్నదే.

అముదను పంపను. కాన్పుకు నేనే వస్తాను, హాస్టల్లో పది రోజులు సెలవడిగాను. ఆ పది రోజుల్లో జెబరాజ్‌కు బియ్యం కడగడం, పసిగుడ్డలు ఉతకడం నేర్పిస్తాను. వాడికీ రెండు చేతులున్నాయి, పైగా కాబోయే తండ్రి వాడే. నువ్వు మధ్యలో "పావం, మొగపిల్లోడు" అని అడ్డం పడకు, చెబుతున్నాను.

అముద క్రిస్మస్ సెలవులకు వస్తుంది. ఇల్లు ఊడుస్తానని అదే లేస్తుంది, లేవనివ్వకు. కూర్చోబెట్టి అన్నం పెట్టమ్మా. నన్ను నువ్వు ఒక్కసారీ అలా కూర్చోబెట్టలేదు.

ఇట్లు,
నీ మీద కోపమూ నీ మీద బెంగా రెండూ ఉన్న
నీ పెద్దకూతురు,
తేన్మొళి