కిటికీ వైపు ఆరు సీసాలు

సావో కార్లోస్,
మార్చి 11.

తమ్ముడు అన్సెల్మోకు,

అక్క దాల్వా ఆశీస్సులు. ఇంట్లో అందరం కులాసా. నువ్వూ కులాసాగానే ఉంటావు, నిద్ర పట్టకూడని పని చేసి కూడా. మాట పూర్తికాకుండా ఫోన్ పెట్టేశావు కాబట్టి ఈ ఉత్తరం.

మా కింది వాటాలో రొట్టెల కొట్టు నడిపే ఇరాసీ మొన్న ఆసుపత్రి కాగితాలు చదివిపెట్టమని తెచ్చింది. విరిగిన చీలమండలో శుక్రవారం మీ ల్యాబు తయారుచేసిన మెగ్నీషియం స్క్రూలు వేస్తారట. ఎముక అతుక్కునేదాకా నిలిచి, తర్వాత ఒంట్లోనే కరిగిపోతాయని కార్నివాల్ పండగకు ముందే ఆమెను ఒప్పించింది నేనే. "మళ్ళీ కోత ఉండదుగా దాల్వక్కా? ఇంకోసారి మంచమెక్కితే నా పొయ్యి నన్ను మర్చిపోతుంది" అంది. ఉండదన్నాను. నీ మాట నమ్మి అన్నాను.

ఆ కాగితాల్లో మీ ల్యాబు ఫలితం ఉంది. ఒంట్లోని ద్రవాన్ని పోలిన ద్రవంలో లోహపు బిళ్ళలు వేసి, ద్రవం రోజూ మార్చుతూ ఎనిమిది రోజులు చూశారట. లోహం చాలా నిదానంగా కరిగిందట.

ఎవరు మార్చారు అన్సెల్మో? కార్నివాల్‌కు ల్యాబంతా ఖాళీ అయితే తాళంచెవి నా చేతిలో పెట్టింది నువ్వే. కిటికీ వైపు ఆరు సీసాలు నాకు అప్పగించావు. గోడ వైపు ఆరూ నీ శిష్యుడు క్లోవిస్ చూస్తాడు, ముట్టుకోవద్దన్నావు. అతను పండగని ఒలిందా ఊరి వీధుల్లో గొడుగు పట్టుకుని గెంతడానికి పోయాడు. నేను నా సీసాల్లో పాత ద్రవం తీసి కొత్తది పోశాను, వేడి ముప్పై ఏడు డిగ్రీలుందో లేదో చూశాను, లోహం కరుగుతూ వదిలిన వాయువు పైగొట్టంలో ఎంత చేరిందో రాశాను. నాలుగో రోజుకే గొట్టాలు నిండాయి, బిళ్ళలు చిల్లులు పడ్డాయి. గోడ వైపు బిళ్ళల మీద మాత్రం తెల్లటి పొర గట్టిపడి బుడగలే ఆగిపోయాయి. కారణం నువ్వే చెప్పావు: మార్చని ద్రవం క్షారమైపోతుంది, అప్పుడు ఆ పొరే లోహాన్ని కాపాడుతుంది, ఒంట్లో నెత్తురు ఆగదు కాబట్టి ఆ కాపుదల అక్కడ ఉండదు అని.

అంతా తెలిసీ కాగితంలో గోడ వైపు అంకెలే వేశావు. నావి ఒక్కటీ లేవు. ఫోన్లో అడిగితే నవ్వావు. "అక్కా, చిక్కుడు గింజలు ఉడికాయో లేదో మూత తీసి చూడటం కాదిది. వారం రోజులు ల్యాబుకొచ్చి శాస్త్రవేత్తవైపోయావా?"

కాలేదు. కానీ ఆమె కాలిలో వాయువు చేరి ఉబ్బి, ఎముక అతకకముందే స్క్రూ వదులైతే ఆ నొప్పి నువ్వు పడతావా? చేయని పని చేశామని అంత నిబ్బరంగా ఎలా రాయగలిగావు?

ఈ ఉదయం నా నోటుబుక్కు ఇరాసీకి ఆపరేషన్ చేయబోయే డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. శుక్రవారం మామూలు టైటానియం స్క్రూలే వేస్తానంది, వాటిని తీయడానికి తర్వాత మళ్ళీ కోయాల్సి రావచ్చని కూడా చెప్పింది. "ఆశ పెట్టిందీ నువ్వే, లాక్కుందీ నువ్వే" అని ఇరాసీ నా మొహం మీదే తలుపు వేసుకుంది. అది నీ వల్ల నేను పడ్డ మాట.

కోపం ఇంకా తగ్గని,
నీ అక్క,
దాల్వా

తా.క.: డాక్టరమ్మకు చెప్పిందే నీకూ చెబుతున్నాను. కార్నివాల్ ముగిసిన మర్నాడు, బూడిద బుధవారం, నేను ల్యాబుకు రాలేదు. ఒళ్ళు బద్ధకించి ఇంట్లోనే ఉండి, ముందురోజు అంకెకు కాస్త కలిపి రాసేశాను. ఇవాళ ఆవిడ ఎదుటే ఆ వరుస కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. నాకు ఏడు రోజులు మిగిలాయి. నీకెన్ని మిగులుతాయో నువ్వూ కొట్టేసి చూసుకో.