ఈ జనవరిలో సరస్సు గడ్డకట్టింది

సరస్సు ఒడ్డు,
ఫిబ్రవరి 11

గౌరవనీయులైన రోకురో అన్నయ్యగారికి,

ఫుమియే వంగి నమస్కరించి రాస్తున్నది. పంచాంగంలో వసంతం వచ్చేసింది. మీ సప్పోరోలో ఇంకా మోకాటిలోతు మంచు ఉండే ఉంటుంది. వదినగారి నడుము నొప్పి తగ్గిందని తలుస్తాను. నేను క్షేమమని రాయడానికి మనసు రావడం లేదు. ఈ నెల మూడో తారీకు సాయంత్రం, వీధిలో పిల్లలు వేయించిన సోయా గింజలు చల్లుతూ దయ్యాలను తరుముతుండగా, మా ఆయన ఈ లోకం విడిచి వెళ్ళిపోయారు.

అంత స్నేహితులై ఉండీ మీరూ ఆయనా మాట్లాడుకోక ఆరేళ్ళు. ఆ రోజు మీరు మీ వాతావరణ కార్యాలయం లెక్కలు ముందు పెట్టి, "సుకేయోషీ, గుడిలో ఐదువందల ఏళ్ళ రాతలున్నాయి కదా, చూడు. దేవుడు మంచు మీద నడిచి అవతలి ఒడ్డున దేవి దగ్గరికి వెళ్ళని చలికాలం ఒకప్పుడు ఏ తరానికో ఒకటి. ఇప్పుడు వెళ్ళిన ఏడాదే కనబడదు. ఇక వెళ్ళడ్రా" అన్నారు. ఆయన మీ టీ గిన్నె తీసి పెరట్లోకి విసిరారు. "గుడి పెద్దని నేను. నా ఇంట్లో కూర్చుని నాకే చెప్తావా, లే ముందు" అన్నారు. గిన్నె నాది, పగిలిందీ నాదే. మీ ఇద్దరికీ ఏమీ కాలేదు.

అయినా మీరు నెలనెలా కార్డు మానలేదు. పైన ఆ నెల మా ఊరి సగటు ఉష్ణోగ్రత, కింద ముప్పై ఏళ్ళ సగటు, క్షేమసమాచారం ఒక్క ముక్క లేదు. "చలి లెక్కలాయన ఇంకా బతికే ఉన్నాడా?" అని మా ఆయన వెటకారం చేసేవారే గానీ, కార్డు ఆలస్యమైతే గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరిగేది ఆయనే.

ఈ జనవరిలో క్యాన్సర్ ఆయనను మంచం దిగనివ్వలేదు. ఆయన బదులు తెల్లవారుజామున గుడి వాళ్ళతో నేను ఒడ్డుకు వెళ్ళాను. మంచు కొట్టి మందం చూడటానికి గొడ్డలి తీసుకెళ్ళడం, పనిలేక తెచ్చుకోవడం. నీళ్ళు ఒడ్డును నాకుతూనే ఉన్నాయి. నేను రాగానే ఆయన "కట్టిందా?" అని అడిగేవారు. లేదనగానే గోడవైపు తిరిగి, గంజి ముట్టేవారు కాదు. ఒకనాడు నా నోరు నా మాట వినలేదు. "కట్టిందండీ" అన్నాను.

అబద్ధం ఒకటితో ఆగుతుందా? మందమెంత అన్నారు, జానెడన్నాను. దేవుడు నడిచిన దారిలో మంచు పగులు లేచిందా అన్నారు, మనిషెత్తు లేచి దేవి ఒడ్డు దాకా పోయిందన్నాను. మంగలి గోన్తా వచ్చి నా అబద్ధానికి వంతపాడుతూ "అయ్యగారూ, రాత్రి సరస్సు పగిలిన చప్పుడికి మా కుక్క మంచం కింద దూరి ఇప్పటికీ రానంటోంది" అన్నాడు. ఆయన నవ్వారు, గంజి తాగారు. ఇక నాకు నిజం చెప్పే దారి లేకపోయింది.

మీ జనవరి కార్డు ఆయన పోయే ముందు రోజు వచ్చింది. మామూలుకన్నా మూడు డిగ్రీలు వెచ్చన అని రాశారు. దాన్ని బియ్యం డబ్బాలో దాచాను. గుడి రాతల్లో ఈ ఏడు "సరస్సు కట్టలేదు" అనే రాశారు, ఆ భయం మీకక్కర్లేదు. నా అబద్ధం ఈ ఇల్లు దాటలేదు. కానీ మీరు చెప్పింది నిజమని ఆయన నోట వచ్చే అవకాశాన్ని నేనే పాడుచేశాను. ఆయనను మోసం చేసి పంపాను. ఏడుపు ఆగడం లేదు అన్నయ్యగారూ. మన్నించండి.

ఇట్లు,
మీ చెల్లెలిలాంటి
ఫుమియే

తా.క. అంటించిన కవరు విప్పి రాస్తున్నాను. ఇందాక ఆయనకు మందులిచ్చిన నర్సు మికోషిబా ఆయన పటం ముందు అగరుబత్తి వెలిగించడానికి వచ్చింది. నా ముఖం చూసి ఉండబట్టలేక చెప్పేసింది. ఆయనకు మొదటి రోజే తెలుసట. "సరస్సు నుంచి రాగానే మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెడుతుంది. గడ్డకట్టిన ఏళ్ళలో ఇంట్లో ఉన్నప్పుడే ఆ చెయ్యి చల్లగా తగిలి ఒళ్ళు ఝల్లుమనేది. ఈసారి ఒక్కరోజూ అలా లేదు. రోకురోగాడే గెలిచాడు, నేను పోయాక వాడికి చెప్పు. మా ఆవిడకు మాత్రం చెప్పకు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి, పాపం ఎంత తంటాలు పడుతోందో!" అన్నారట.

అన్నయ్యగారూ, తెల్లవారుతూనే ఈ చెయ్యి ఇప్పుడు ఎక్కడ పెట్టుకోను?