గోత్రం అడిగాను

పెంటపాడు, శుక్రవారం రాత్రి

పక్షవాతం తగ్గాక ఏలూరు డాక్టరుగారు చెప్పింది ఇవాళే పూర్తిగా అర్థమైంది. వస్తువుల్ని పోల్చుకునే చోటు మెదడులో వేరట, మొహాల్ని పోల్చుకునే చోటు వేరట. నాకు దెబ్బతిన్నది రెండోది. హారతి పళ్ళెం, గంట, శఠగోపం ఎప్పటిలాగే తెలుస్తాయి. మనుషుల మొహాలే తెలియవు.

ముప్పై ఏళ్ళు భక్తులు నోరు తెరవకముందే వాళ్ళ గోత్రనామాలు చదివిన పూజారిని. ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను. ఊళ్ళో తెలిస్తే గుడి ఇంకొకరికి అప్పజెబుతారని ఇంట్లో కూడా చెప్పలేదు.

సాయంత్రం ఒకమ్మాయి కొబ్బరికాయ అందించి నవ్వింది. "గోత్రం చెప్పండమ్మా" అన్నాను. ఆ నవ్వు ఆగిపోయింది. వెనక జనం చూస్తున్నారు.

"భారద్వాజస అండీ. పేరు సుజాత" అంది మెల్లగా.

గొంతు విన్నాక తెలిసింది, మా అమ్మాయి. ఏలూరు హాస్టల్ నుంచి చెప్పకుండా వచ్చింది. నన్ను కాపాడ్డానికి పరాయిదానిలా జవాబిచ్చింది. నేనూ పరాయివాడిలాగే అర్చన పూర్తిచేశాను.

ఇంటికొచ్చాక "ఎన్నాళ్ళ నుంచి నాన్నా?" అని అడిగింది. "కళ్ళజోడు మార్చాలమ్మా, అంతే" అన్నాను. అందరికీ చెప్పే ఆ పాడు అబద్ధాన్నే ఇంకా పట్టుకుని కూర్చున్నాను.

అది మళ్ళీ అడగలేదు. గదిలోకి వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోనే ఆగి, "నేను నాన్నా, సుజాతని" అంటోంది.