లోపల: సున్న

బాపూ,

నువ్వు పోయి రేపటికి యాడాది. నువ్వు రిజిస్టర్ వెట్టుకొని కూసున్న బొగ్గుబాయి గేటు కాడ ఇప్పుడు కంప్యూటర్ పెట్టిండ్రు. ఎవరు పైకొచ్చిండ్రో చూసే ప్రొసీజర్‌ను ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషల నేనే రాసి అండ్లనే దాచిపెట్టిన. పేరువెట్టి పిలిస్తే చాలు, దానంతటదే నడుస్తది. దిగినోళ్ల పేర్లు అయిపోయేదాక ఒక్కొక్కటే తీస్తది. ఆ మనిషికి దిగేటప్పుడిచ్చిన నంబర్ బిళ్ళ వాపస్ వస్తే పైకొచ్చినట్టు, రాకుంటే లోపలున్నట్టు.

నిన్న షిఫ్టు అయిపోంగనే పైకొచ్చిన రాజన్న రెండు బిళ్ళలిచ్చిండు. "మల్లేశంది గుడ తీస్కో, ఎనుకనే వస్తుండు" అన్నడు. నువ్వైతే "వాన్నే రానీ, మొఖం జూడాలె" అని ఎనుకకు పంపుతుంటివి. కొత్త గుమాస్తా తీసుకున్నడు. స్క్రీన్ మీద 'లోపల: సున్న' అని పడ్డది. లోపల బొగ్గు పేల్చుమని హుకుం ఇయ్యనీకె మేనేజర్ సారు ఫోన్ ఎత్తిండు. మల్లేశం సైకిల్ ఇంకా స్టాండుల్నే ఉన్నదని నేను ఒర్లిన.

సారు ఫోన్ కింద వెట్టిండు. జరసేపటికి మల్లేశం పైకొచ్చిండు. అందరు నవ్విండ్రు.

"నువ్వు రాసింది నువ్వే నమ్మకుంటె ఎట్ల బిడ్డా?" అన్నడు సారు.

ప్రొసీజర్ల తప్పు లేదు బాపూ, నా భయం గదే. మనిషికొక్క బిళ్ళే తీసుకోమని నేనంటే, లైన్ ఆగుతదన్నరు. నీ రిజిస్టర్‌ను అల్మారల వెట్టి తాళమేసిండ్రు.

ఇయ్యాల పొద్దుగాల్నే వచ్చిన. మొదటి షిఫ్టోళ్లు దిగుతుండ్రు. స్టాండుల సైకిళ్లు లెక్కవెట్టి అరచేతిల రాసుకున్న.

నడిచొచ్చినోళ్లను ఎట్ల లెక్కవెట్టాలె, బాపూ?