నాకంటే ముందే బయల్దేరిన పెట్టె

బొంబాయి, మంగళవారం.

మహారాజశ్రీ బావగారికి, మీ బావమరిది ప్రాణాలతోనే ఉన్నాడు. టెలిగ్రాంలో తిట్లకు చోటు చాలనందున ఈ కార్డు.

మంచి ఘడియ దాటిపోతుందని మీరు నా సర్టిఫికెట్ల పెట్టెను ప్రయాణానికి ముందురోజే పక్కింటి హజ్రా బీ అత్త దగ్గర ప్రస్థానం పెట్టి, "ఇంక నువ్వు బయల్దేరినట్టేరా" అన్నారు. మర్నాడు మాచర్ల బస్టాండులో పెట్టె ఏదంటే, "అన్నీ పైకెక్కిచ్చాన్లే. విమానంలో గంట ప్రయాణానికి ఏందిరా నీ కంగారు" అని కసిరారు.

హైదరాబాదు నుంచి ఇక్కడికి ఆరువందల కిలోమీటర్ల పైమాటే. విమానం గంటంబావులో దించింది. పెట్టె మాత్రం అత్త గడప దాటలేదు. ఉద్యోగంలో చేరబోతే ఆఫీసరు కాగితాలేవన్నాడు. "నాకంటే ముందే బయల్దేరాయండి" అని మనవి చేసుకున్నాను. ఆయన నవ్వలేదు. సోమవారంలోగా చూపకపోతే ఈ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తాడట.

టెలిగ్రాం అందగానే కదలకపోయి ఉంటే, ఈ కార్డు చూడగానే పెట్టెతో మీరే రైలెక్కండి. వర్జ్యం, రాహుకాలం చూశారంటే మన బంధుత్వానికి అదే ఆఖరు. గేదె ఈనిందా? మిరపకాయలు కల్లానికొచ్చాయా? అక్కను బెంగపెట్టుకోవద్దనండి, మీరు బయల్దేరేదాకా మీకు అన్నం పెట్టవద్దనండి. పెట్టెను భద్రంగా దాచిన అత్తకు సలాములు.

ఈ కార్డుకంటే ముందు నేనే ఇల్లు చేరితే, ఉద్యోగం పోయిందని గ్రహించి నాకు ఎదురు రాకండి.

కోపంతోనూ, నమస్కారాలతోనూ,
త్రికోటేశ్వరరావు